గోల్ఫ్ కోర్సు ఉంది, గోల్ఫర్‌కు దారి ఏది?
తెలంగాణ స్పోర్ట్స్ హబ్ పాలకమండలికి, ముఖ్యంగా కపిల్ దేవ్ గారికి బహిరంగ లేఖ



2025 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త క్రీడా విధానాన్ని ప్రకటించింది. దాన్ని నడిపించే బాధ్యతను స్పోర్ట్స్ హబ్ పేరుతో మీ మండలికి అప్పగించింది. పుల్లెల గోపీచంద్, అభినవ్ బింద్రా, బైచుంగ్ భూటియా లాంటి వాళ్లున్న ఈ మండలిలో కపిల్ దేవ్ గారిది ప్రత్యేకమైన స్థానం. ఆయన 2024 నుంచి ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా, అంటే పీజీటీఐకి అధ్యక్షులు. దేశంలో గోల్ఫ్‌ను బతుకుదెరువుగా ఎంచుకున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో క్రీడలకు డబ్బు, మైదానాలు ఎవరికి అందాలో చెప్పే చోట కూడా ఇప్పుడు ఆయన మాట చెల్లుతుంది. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో కలవడం అరుదు. అందుకే ఈ లేఖ.

విషయం గచ్చిబౌలిది. ఐఎస్‌బీకి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు కూతవేటు దూరంలో, అద్దాల మేడల మధ్య బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. పీటర్ హారడీన్ డిజైన్ చేసిన 18 హోల్స్. గ్రానైట్ బండరాళ్ల నడుమ నుంచి ఫెయిర్‌వేలు సాగుతాయి. 2000 దశకం మొదట్లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీకీ, దుబాయ్ కంపెనీ ఎమ్మార్‌కూ కుదిరిన ఒప్పందంతో ఇది పుట్టింది. మొత్తం 535 ఎకరాలు. టౌన్‌షిప్, హోటల్, సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీ పోను గోల్ఫ్ కోర్సుకు వచ్చింది 235 ఎకరాలు, 66 ఏళ్ల లీజు మీద. ఆ ఒప్పందం చుట్టూ నడిచిన కేసుల జోలికి ఈ లేఖ పోదు. ఇక్కడ కావలసింది ఒక్కటే సంగతి: ఆ నేల ప్రజలది.

అదే గచ్చిబౌలిలో, అదే కాలంలో మరో ఆటకు కూడా ప్రభుత్వం భూమి ఇచ్చింది. 2003లో గోపీచంద్‌కు బ్యాడ్మింటన్ అకాడమీ కోసం ఇచ్చింది 5 ఎకరాలు. కట్టడానికి డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు విరాళం ఇచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం అక్కడి సాధన నుంచి వచ్చినవే. టోక్యోలో సింధు కాంస్యానికి ముందు సాధన చేసింది కూడా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే. 5 ఎకరాల నుంచి ఒలింపిక్ పతకాలు వచ్చిన చోట, 235 ఎకరాల పక్కనే పెరిగిన కుర్రాడు గోల్ఫ్ ప్రొఫెషనల్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు లేరు.

ఈ ఆటలో అడుగుపెట్టడం ఎలా ఉంటుందో కపిల్ గారికి తెలుసు. మిగతా సభ్యుల కోసం, పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పుకోవాలి.

క్రికెటర్‌కు జట్టు ఉంటుంది, మ్యాచ్ ఫీజు ఉంటుంది. రంజీ జట్టులో చోటు దొరికిన కుర్రాడు సున్నాకు అవుటైనా అతని ఫీజు అతనికి వస్తుంది. గోల్ఫ్ ప్రొఫెషనల్‌కు ఆ భరోసా లేదు. పీజీటీఐలో ఆడాలంటే ముందు క్వాలిఫయింగ్ స్కూల్ దాటాలి. ఆటగాళ్ల భాషలో క్యూ-స్కూల్. పేరుకే స్కూల్, నిజానికి అది వడపోత. ప్రీ-క్వాలిఫయింగ్ గట్టెక్కినవాళ్లు ఫైనల్ స్టేజ్‌లో నాలుగు రౌండ్లు ఆడితే, పైన నిలిచిన కొద్దిమందికి కార్డు దక్కుతుంది. కార్డంటే ఆ సీజన్‌లో టోర్నీలు ఆడే అర్హత. జీతం కాదు, ఉద్యోగం అంతకన్నా కాదు.

తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. పీజీటీఐ టోర్నీ సాధారణంగా మంగళవారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. ఆటగాడు ఆదివారానికల్లా ఊరు చేరాలి. రైలో విమానమో, 14 క్లబ్బుల బ్యాగు మోత అదనం. హోటల్ గది, ఎంట్రీ ఫీజు, క్యాడీ కూలి, తిండి, కొత్త గ్లవ్, బంతులు అన్నీ జేబులోంచే. సోమవారం ప్రాక్టీస్ రౌండ్. మంగళ, బుధవారాల్లో 36 హోల్స్ అయ్యేసరికి కట్ పడుతుంది. మొదటి 50 స్థానాలు, వాటితో సమానంగా నిలిచినవాళ్లు మాత్రమే మిగిలిన రెండు రోజులు ఆడతారు. మిగతావాళ్లకు ఒక్క రూపాయి కూడా రాదు.

బుధవారం మధ్యాహ్నం చివరి గ్రీన్ దగ్గర నిలబడి చూస్తే ఈ బతుకు ఎంత సన్నని గీత మీద నడుస్తుందో తెలుస్తుంది. కట్ లైన్ మీదున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఎదురుగా ఆరడుగుల పట్. గ్యాలరీ లేదు, కెమెరా లేదు. క్యాడీ వెనక కూర్చుని వాలు ఎటుందో చూస్తున్నాడు. బంతి గుంతలో పడితే శుక్రవారం దాకా ఆట, చివరికి ఎంతోకొంత చెక్కు. అంచు తాకి పక్కకు పోతే ఆ సాయంత్రమే గది ఖాళీ చేసి, రైలు టికెట్ తేదీ మార్చుకుని, వచ్చే వారం టోర్నీకి ఎంట్రీ ఫీజు ఎవరిని అడగాలా అని ఆలోచించాలి. కోటి రూపాయల ప్రైజ్ మనీ ఉన్న టోర్నీలో విజేత వాటా 15 లక్షలు. స్థానం దిగే కొద్దీ అంకె వేగంగా కుంచించుకుపోతుంది. కట్ దాటిన ఆఖరి ఆటగాడికి ఆ వారం ఖర్చులు తిరిగొస్తే అదే గొప్ప.

ఇది మన దేశానికే ఉన్న కష్టం కాదు. తొమ్మిది మేజర్లు గెలిచిన అమెరికన్ బెన్ హోగన్ ప్రొఫెషనల్ అయిన తొలి ఏళ్లలో డబ్బుల్లేక టూర్ వదిలి ఇంటికి వెళ్లిపోయినవాడే. 1938లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ ఓపెన్ నాటికి భార్యాభర్తల చేతిలో ఉన్న డబ్బు దాదాపు అయిపోయింది. పొద్దున లేచి చూస్తే కారు చక్రాలు రెండు దొంగలెత్తుకుపోయారు. ఎలాగో కోర్సుకు చేరి ఆడి 285 డాలర్లు సంపాదించాడు. ఆ డబ్బే అతన్ని ఆటలో నిలబెట్టింది. అమెరికా పీజీఏ టూర్ 1990లో కొత్తవాళ్ల కోసం రెండో అంచె టూర్ మొదలుపెట్టినప్పుడు దానికి హోగన్ పేరే పెట్టింది. ఇప్పుడది కార్న్ ఫెర్రీ టూర్.

ఆ కార్న్ ఫెర్రీ దారిలో ఇద్దరు తెలుగువాళ్లు పైకి వచ్చారు. వాళ్ల కథలు తెలంగాణ, ఆంధ్రల్లో ఇంకా చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు.

మొదటివాడు సాహిత్ తీగల. తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్ 1997లో అక్కడే పుట్టాడు. పెపర్‌డైన్ యూనివర్సిటీకి ఆడుతూ మణికట్టు ఆపరేషన్‌తో ఒక సీజన్ పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చి 2020లో హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ గెలిచాడు. కాలేజీ గోల్ఫ్‌లో అంతకన్నా పెద్ద గౌరవాలు లేవు. అయినా ప్రొఫెషనల్ అయిన రోజు అతని చేతిలో ఏ టూర్ కార్డూ లేదు. కోవిడ్ వల్ల ఆ ఏడాది క్యూ-స్కూల్ రద్దయింది. దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడు ఏడాదికి పైగా దొరికిన అవకాశమల్లా వాడుకుంటూ గడిపాడు. చివరికి 2021లో కార్న్ ఫెర్రీ టూర్ ఫైనల్స్‌లో రాణించి పీజీఏ టూర్ కార్డు సంపాదించాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు.

అదే 2024లో టూర్ చాంపియన్‌షిప్‌లో జరిగిన సంగతి ఈ ఆట స్వభావం తెలియడానికి పనికొస్తుంది. మూడో హోల్ బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు కాస్త ఇసుక కదిలినట్టు సాహిత్‌కు అనిపించింది. రిఫరీని తనే పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. టోర్నీ ముగిసేసరికి రెండో స్థానంలో ఉన్న కొలిన్ మోరికావా కంటే సరిగ్గా రెండు స్ట్రోకులు వెనకబడి మూడో స్థానంలో నిలిచాడు. మూడో స్థానం విలువ 75 లక్షల డాలర్లు. ఆ రెండు స్ట్రోకులు లేకుంటే రెండో స్థానం పంచుకుని కోటి డాలర్లు అందుకునేవాడు. చిన్న టూర్లలోనూ నియమం ఇదే. ఎంట్రీ ఫీజుకు అప్పు చేసి వచ్చిన కుర్రాడు కూడా, ఎవరూ చూడని చెట్ల మధ్య బంతి కదిలితే, తన మీద తనే పెనాల్టీ వేసుకోవాలి.

రెండోవాడు సుదర్శన్ ఎల్లమరాజు. విశాఖపట్నంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో కుటుంబం కెనడా వెళ్లింది. మొదట విన్నిపెగ్, తర్వాత టొరంటో పక్కన మిస్సిసాగా. పెద్ద కోచ్ లేడు. యూట్యూబ్ వీడియోలు చూసి స్వింగ్ నేర్చుకున్నాడు. అమెరికన్ కాలేజీ స్కాలర్‌షిప్ దారి పట్టకుండా కుర్రతనంలోనే ప్రొఫెషనల్ అయ్యాడు. కెనడాలోని చిన్న టూర్లలో కొన్నేళ్లు అరిగి, కార్న్ ఫెర్రీకి చేరి, 2025 జనవరిలో బహామాస్‌లో గ్రేట్ అబాకో క్లాసిక్ గెలిచాడు. ఆ సీజన్ చివర పాయింట్ల పట్టికలో మొదటి 20 మందికే పీజీఏ టూర్ కార్డులు. అతను ఆ 20 మందిలో ఉన్నాడు.

ఈ ఇద్దరికీ ప్రతిభ ఉంది, పట్టుదల ఉంది. దాంతోపాటు మన దగ్గర లేని ఒక వసతి కూడా వాళ్లున్న చోట ఉంది. అమెరికాలో గోల్ఫ్ కోర్సుల్లో నాలుగింట మూడు వంతులు డబ్బు కట్టిన ఎవరైనా ఆడుకోగలిగినవే. బడి అయ్యాక తండ్రి కొడుకును తీసుకెళ్లి ఒక బకెట్ బంతులు కొట్టించగలడు. సభ్యత్వం అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. సుదర్శన్ కుటుంబం విశాఖలోనే ఉండిపోయి ఉంటే ఆ కుర్రాడు ఆ బంతులు ఎక్కడ కొట్టేవాడు?

హైదరాబాద్‌లో ఏమీ లేదనడం అన్యాయం. గోల్కొండ నయా ఖిలాలో, కోట గోడల పక్కన, హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. పీజీటీఐ టోర్నీ తెలంగాణ గోల్కొండ మాస్టర్స్ జరిగేది అక్కడే. నగరానికి చెందిన స్నేహా సింగ్ అమెచ్యూర్‌గా ఉన్నప్పుడే మహిళల ప్రో టూర్‌లో ప్రొఫెషనల్స్‌ను ఓడించి టైటిల్ గెలిచింది. 2006లో మొదలైన పీజీటీఐ, 2024లో నెక్స్‌జెన్ పేరుతో కొత్తవాళ్ల కోసం ఫీడర్ టూర్ కూడా పెట్టింది. 2025లో ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్ అనే పోటీ టూర్ వచ్చింది. పైన దారి కూడా స్పష్టంగానే ఉంది. 2023లో పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో మొదట నిలిచిన ఓం ప్రకాశ్ చౌహాన్‌కు యూరప్‌లోని డీపీ వరల్డ్ టూర్ కార్డు దక్కింది. మధ్యప్రదేశ్‌లోని మౌ నుంచి వచ్చిన చౌహాన్ క్యాడీగా మొదలైనవాడు. బెంగళూరు దగ్గర ఈగల్‌టన్ కోర్సు పక్క పల్లె కుర్రాడు చిక్కరంగప్ప బంతులు ఏరుతూ ఆట నేర్చుకుని పీజీటీఐ విజేత అయ్యాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ కూడా ఢిల్లీ క్యాడీయే. మన దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫ్‌ను చాలాకాలం మోసింది క్లబ్ సభ్యుల పిల్లలు కాదు, వాళ్ల బ్యాగులు మోసినవాళ్లు.

గచ్చిబౌలిలో కొరత కింది మెట్ల దగ్గరే ఉంది. జూనియర్‌గా ఆడిన పిల్లాడికీ, కార్డు సంపాదించి రెండేళ్లు నిలదొక్కుకోవలసిన ప్రొఫెషనల్‌కూ మధ్య పూర్తిగా ఖాళీ. అమెచ్యూర్‌గా ఉన్నంతకాలం ఇండియన్ గోల్ఫ్ యూనియన్, జాతీయ జట్టు, శిబిరాలు ఉంటాయి. ప్రొఫెషనల్‌నని ప్రకటించిన మరుక్షణం అవన్నీ పోతాయి. స్పాన్సర్లు వెతుక్కుంటూ రావాలంటే టీవీలో కనిపించాలి. టీవీలో కనిపించాలంటే ఖర్చు పెట్టుకుని నిలబడాలి. చాలామంది ఈ మధ్యలోనే ఆగిపోతున్నారు.

మండలికి ఈ లేఖ చేసే విన్నపాలు నాలుగు.

ఒకటి, సమయం. బౌల్డర్ హిల్స్ నేల ప్రభుత్వ లీజు మీద ఉంది కాబట్టి యాజమాన్యంతో కూర్చుని మాట్లాడే చొరవ ప్రభుత్వానికి ఉంది. క్లబ్ సభ్యులు ఆఫీసుల్లో ఉండే వారపు రోజుల్లో కొన్ని గంటలు రేంజ్, పటింగ్ గ్రీన్, తొమ్మిది హోల్స్ ఎంపికైన జూనియర్లకూ, క్యూ-స్కూల్‌కు సిద్ధమవుతున్నవాళ్లకూ నామమాత్రపు రుసుముతో ఇప్పించాలి. ఎంపిక స్కోరు కార్డు చూసి జరగాలి, ఇంటిపేరు చూసి కాదు.

రెండు, తొలి రెండేళ్ల ఖర్చు. పీజీటీఐ కార్డు లేదా ఫీడర్ టూర్ అర్హత సంపాదించిన తెలంగాణ ఆటగాళ్లకు, అమ్మాయిలకూ అబ్బాయిలకూ సమానంగా, ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు, క్యాడీ కూలి రసీదుల మీద చెల్లించాలి. దీనికి ఖజానా తెరవనక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం ఒలింపిక్ క్రీడల్లో శిక్షణకు చేసే ఖర్చు సీఎస్ఆర్ కిందికి వస్తుంది. గోల్ఫ్ 1904 తర్వాత 2016 రియోలో మళ్లీ ఒలింపిక్ క్రీడ అయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు గోల్ఫ్ ఓనమాలు తెలియనివాళ్లు కూడా తెల్లవారుజామున లేచి చూశారు. శిక్షణ పద్దు కింద ఎంత వరకు పెట్టవచ్చో మండలి న్యాయ సలహా తీసుకుని, సైబరాబాద్ కంపెనీల ముందు ఒక స్పష్టమైన పథకం పెడితే చాలు. ఆదాయం రాకముందే ఒక ప్రయత్నాన్ని భరించడం ఈ ఐటీ కారిడార్‌కు కొత్త కాదు. స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ 2015లో మొదలైంది ఇక్కడి ఐఐఐటీ ప్రాంగణంలోనే.

మూడు, ఒక వారం. ఏటా ఒక నెక్స్‌జెన్ టోర్నీ గచ్చిబౌలిలో జరగాలి. కొన్ని స్థానాలు స్థానిక క్వాలిఫయర్లకు కేటాయించాలి. సొంత ఊళ్లో ఆడితే హోటల్ ఖర్చు తప్పుతుంది, గ్రీన్లు తెలిసి ఉంటాయి, ఇంట్లోవాళ్లు వచ్చి చూస్తారు. ఈ పని కపిల్ గారి రెండు బాధ్యతల పరిధిలోకీ వస్తుంది. ఆయన ఒక ఫోనుతో మొదలుపెట్టగలరు.

నాలుగు, క్యాడీల పిల్లలు. బౌల్డర్ హిల్స్, గోల్కొండ కోర్సులు రెండింటిలోనూ పనిచేసే క్యాడీలకూ, మైదానం సిబ్బందికీ, వాళ్ల పిల్లలకూ సోమవారాల్లో ఆడే అవకాశం, పాత క్లబ్బుల బ్యాంకు, నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచింగ్ సర్టిఫికెట్‌కు ఫీజు సాయం అందించాలి. ప్రొఫెషనల్‌గా నెగ్గనివాడు కోచ్‌గా బతకగలిగితే పెట్టిన ఖర్చు వృథా కాదు.

అభ్యంతరాలు వస్తాయి, రావాలి కూడా. ఇది ధనవంతుల ఆట కదా, దీనికెందుకు సాయం అంటారు. ధనవంతుల చేతుల్లో వదిలేసినంతకాలం అది అలాగే ఉంటుంది. ప్రజల నేల ఎలాగూ ఇచ్చేశారు, దాని మీద ప్రజల పిల్లలకు కాస్త చోటు అడగడం తప్పు కాదు. భూమి మాటెత్తితే గచ్చిబౌలి ఉలిక్కిపడుతుంది. 2003లో క్రీడా అకాడమీల పేరుతో ఐఎంజీ భారత అనే సంస్థకు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు కేటాయించడం, 2006లో రద్దు కావడం, 2025లో అదే నేల మీద విద్యార్థుల ఆందోళన అందరికీ గుర్తున్నాయి. అందుకే ఈ లేఖ కొత్తగా ఒక్క గజం కూడా అడగడం లేదు. గడ్డికి నీళ్లు వృథా అన్న అభ్యంతరానికీ జవాబు ఉంది. శుద్ధి చేసిన మురుగునీటితోనే గడ్డి పెంచాలన్న షరతు పెట్టినా ఎవరూ కాదనకూడదు.

సాయం అందుకున్నవాళ్లలో ఎక్కువమంది పెద్ద టూర్‌కు చేరరు. ఇది ముందే ఒప్పుకోవాలి. పదిమందికి రెండేళ్లు ఖర్చు పెడితే ఒక్కరు నిలిచినా మంచి ఫలితమే. ఇంట్లో డబ్బు లేదన్న ఒక్క కారణంతో ఆ ఒక్కరు మొదటి ఏడే వెళ్లిపోవడమే అసలు నష్టం.

తర్వాతి క్యూ-స్కూల్ నోటిఫికేషన్ వచ్చేలోగా మండలి ఒక సమావేశంలో ఈ నాలుగు విన్నపాలను చర్చకు పెట్టాలి. నాలుగూ కుదరకపోతే మొదటిదానితో మొదలుపెట్టండి. బౌల్డర్ హిల్స్ యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసి, వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో అడగండి. వచ్చిన జవాబును ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
గచ్చిబౌలి నుంచి ఒక క్రీడాభిమాని